చేపలన్నీ పోయాయి, 110 లీటర్ల ట్యాంకును మళ్లీ ఎలా మొదలుపెట్టాలి?

బోరునీళ్లు (ప్రశ్న):

ట్యాంకు 36 × 15 × 15 అంగుళాలు. గులకరాళ్లు, పైన వదిలిన ఖాళీ తీసేస్తే నీళ్లు దాదాపు 110 లీటర్లు. ఊరు హైదరాబాద్. వెనక తగిలించే హ్యాంగ్ ఆన్ ఫిల్టర్ ఒకటి, లోపల గాలి పంపుతో నడిచే స్పాంజ్ ఫిల్టర్ ఒకటి ఉన్నాయి. ఉన్న చేపలు: ఏంజెల్స్ 4, మాలీలు 8, టెట్రాలు 6, సక్కర్ 1. ఏడాదిన్నరగా ఇబ్బంది లేకుండా నడిచింది.

పోయిన ఆదివారం ట్యాంకు మొత్తం ఖాళీ చేశాం. గులకరాళ్లు, రెండు ఫిల్టర్ల స్పాంజీలు కుళాయి కింద తెల్లగా వచ్చేదాకా కడిగి, కొత్త నీళ్లు నింపాం. ఆ రోజు సంపులో మంజీరా నీళ్లతో పాటు ట్యాంకర్ నీళ్లు కూడా ఉన్నాయి. యాంటీ క్లోరిన్ 10 చుక్కలు వేశాం. రాత్రికల్లా చేపలు పైకొచ్చి గాలి మింగడం మొదలుపెట్టాయి. తెల్లారేసరికి ఏంజెల్స్, టెట్రాలు పోయాయి. మూడో రోజు సాయంత్రానికి ఒక్కటీ మిగల్లేదు.

ఇప్పుడు తెలుసుకోవాల్సినవి: ట్యాంకును బ్లీచింగ్‌తో కడగాలా? పాత గులకరాళ్లు వాడుకోవచ్చా? షాపులో ఒక బాక్టీరియా సీసా ఇచ్చి, ఇది పోస్తే మర్నాడే చేపలు వదలొచ్చు అన్నారు, నిజమేనా? మా బోరు నీళ్ల టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) 900, ఆర్వో నీళ్లు కలపడం మంచిదా?

స్పాంజ్‌ఫిల్టర్ (జవాబు):

బ్లీచింగ్ జోలికి వెళ్లే ముందు చావులు ఏ వరసలో వచ్చాయో చూడండి. ఏం చెయ్యాలన్నది దాన్నిబట్టే ఉంటుంది. రకం, సైజు తేడా లేకుండా అన్నీ ఒకటి రెండు రోజుల్లో పోతే తప్పు నీళ్లది. తెల్లవారుజామున పెద్ద చేపలు ముందు పోయి చిన్నవి బతికితే ఆక్సిజన్ చాలలేదు. రోజుకొకటి, రెండ్రోజులకొకటి చొప్పున ఒంటి మీద మచ్చలతో, చీలిన రెక్కలతో, పత్తిలాంటి తెల్లటి పూతతో పోతే జబ్బు. నెలల తరబడి ఒక్కోటీ ఎండిపోయి, వెన్ను వంగి చస్తుంటే ఫిష్ టీబీ అని అనుమానించాలి.

మీది మొదటి రకం, అందులోనూ రెండు దెబ్బలు ఒకదాని వెనక ఒకటి తగిలాయి. మొదటిది క్లోరిన్. అది మొప్పల్ని కాలుస్తుంది, మొదటి రాత్రి చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచింది అందుకే. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కుళాయి నీళ్లలో కనీసం 0.2 పీపీఎం (లీటరుకు 0.2 మిల్లీగ్రాములు) క్లోరిన్ ఉండాలి, 1 పీపీఎం దాకా ఉండొచ్చు. ట్యాంకర్ నీళ్లలో ఎంత కలిపారో కొలిస్తే తప్ప చెప్పలేం. 110 లీటర్లకు 10 చుక్కలంటే అర మిల్లీలీటరు. మామూలు యాంటీ క్లోరిన్ అంత కొంచెం పోస్తే చాలదు. రెండో దెబ్బ అమ్మోనియా. స్పాంజీల్లో, రాళ్ల మీద పెరిగిన బాక్టీరియాను క్లోరిన్ నీళ్లతో కడిగేశారు. క్లోరిన్‌ను తట్టుకున్న చేపలు తమ మలమూత్రాల నుంచి వచ్చిన అమ్మోనియాలోనే మిగతా రెండు రోజుల్లో పోయాయి.

కాబట్టి బ్లీచింగ్ అక్కర్లేదు. చంపాల్సిన క్రిమి ఏదీ ఇక్కడ లేదు, పెంచాల్సిన బాక్టీరియా ఉంది. పాత రాళ్లు నిక్షేపంగా వాడండి. సైఫన్ పైపుతో అడుగున ఉన్న మడ్డి లాగేసి, చచ్చిన చేప ముక్క ఎక్కడా ఇరుక్కోలేదని చూస్తే చాలు. ఫిల్టర్ వెనక, రాళ్ల సందుల్లో తప్పకుండా వెతకండి. టెట్రా ఒకటి మోటారు గొట్టంలో కుళ్లుతూ ఉన్నా తర్వాత చేసే నీళ్ల పరీక్షల అంకెలన్నీ తప్పుతాయి. ఒక్క పరీక్ష మాత్రం చెయ్యండి: రాయి మీద వెనిగర్ చుక్క వేస్తే నురగ వస్తోందా? వస్తే అది సున్నపురాయో పాలరాతి ముక్కో. నీళ్ల గట్టిదనం అదే పెంచుతూ ఉంటుంది, తీసెయ్యండి.

జబ్బుతో పోయిన ట్యాంకులు ఉన్నవాళ్ల కోసం రెండు మాటలు. వైట్ స్పాట్ పరాన్నజీవి చేప లేకుండా బతకలేదు. 28 డిగ్రీల దగ్గర ట్యాంకును మూడు వారాలు ఖాళీగా నడిపితే అదే పోతుంది. ఫిష్ టీబీ అంత తేలిగ్గా పోదు, మామూలు క్లోరిన్‌కు సరిగా లొంగదు. స్పాంజీ, రాళ్లు, మొక్కలు పారేసి, గ్లాసు ఆరాక 70 శాతం స్పిరిట్‌తో రెండుసార్లు తుడవాలి. చేతికి గాయం ఉంటే గ్లవ్స్ లేకుండా అందులో చెయ్యి పెట్టొద్దు, అది మనిషి చర్మానికీ అంటుకుంటుంది.

ఇంకోటి. ట్యాంకున్న గదిలో దోమల మందు కొడతారా? ఆ మందుల్లో ఉండే పైరెత్రాయిడ్లు మనకు పెద్దగా హాని చెయ్యవు గానీ చేపలకు విషం. గాలి పంపు గదిలోని గాలినే లాగి నేరుగా నీళ్లలోకి కొడుతుంది. స్ప్రే కొట్టాల్సి వస్తే పంపు ఆపి, ట్యాంకు మీద తడిగుడ్డ కప్పి, గది గాలి మారాకే తీయండి.

టెస్ట్‌ట్యూబ్ (జవాబు):

పై జవాబులో కారణం సరిగ్గా చెప్పారు. ఇక పద్ధతి. చేప లేకుండా ఫిల్టర్‌ను ముందు తయారుచేయాలి. చేప మలమూత్రాల నుంచి అమ్మోనియా వస్తుంది. ఒక జాతి బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో జాతి నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ విషాలే, మూడోది కొంతవరకు ఫరవాలేదు. ఈ రెండు జాతులూ చాలా నెమ్మదిగా పెరుగుతాయి కాబట్టి ఖాళీ ఫిల్టర్‌కు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

వాటికి తిండి మనమే పెట్టాలి. అమ్మోనియం క్లోరైడ్ కొనండి. కళాయి పూతకు వాడే నవాసారం ఇదే పదార్థం. అయితే బజారు ముద్దలో ఇంకేం కలిసి ఉంటాయో తెలీదు కాబట్టి ల్యాబ్ కెమికల్స్ అమ్మే షాపులో డబ్బా తీసుకోండి. 15 గ్రాములు తూచి 500 మిల్లీలీటర్ల ఆర్వో నీళ్లలో కరిగించి, సీసా మీద విషం అని రాసి, పిల్లలకు అందని చోట పెట్టండి. ఈ ద్రావణం 10 లీటర్లకు 1 మిల్లీ వేస్తే అమ్మోనియా 1 పీపీఎం పెరుగుతుంది. మీ 110 లీటర్లకు 22 మిల్లీలు వేస్తే 2 పీపీఎం. అంతకు మించి వెయ్యొద్దు. 5 పీపీఎం దాటితే పెరగాల్సిన బాక్టీరియాయే కుంగిపోతుంది.

నీళ్లు నింపేటప్పుడు క్లోరిన్ పోగొట్టడానికి హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్ పలుకులు, 10 గ్రాములు 100 మిల్లీల నీళ్లలో కలుపుకోండి. 10 లీటర్లకు 1 మిల్లీ వేస్తే 1.4 పీపీఎం దాకా క్లోరిన్‌ను తీసేస్తుంది. ట్యాంకర్ నీళ్లకు రెట్టింపు వెయ్యండి. స్విమ్మింగ్ పూల్ వాళ్లు వాడే క్లోరిన్ చుక్కలతో పరీక్షిస్తే నీళ్లు పసుపు రంగుకు మారకూడదు. హైపో ద్రావణం నిలవుంటే బలం తగ్గిపోతుంది, కొన్ని వారాలకోసారి కొత్తది కలుపుకోండి.

రెండు ఫిల్టర్లూ రాత్రింబవళ్లు ఆడాలి. నీళ్లు 28 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటే పని తొందరగా అవుతుంది. లైటు అవసరం లేదు, వేస్తే నాచు తప్ప లాభం లేదు. హ్యాంగ్ ఆన్ ఫిల్టర్లో కార్బన్ కార్ట్రిడ్జ్ ఉంటే తీసేసి ముతక స్పాంజీ, సిరామిక్ రింగులు నింపండి. నెలనెలా కార్ట్రిడ్జ్ మార్చినప్పుడల్లా దాని మీద పెరిగిన బాక్టీరియాను చెత్తబుట్టలో వేస్తున్నట్టే.

కొలతలకు చుక్కల టెస్ట్ కిట్ కావాలి: అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్, పీహెచ్, కేహెచ్. టీడీఎస్ మీటర్ వీటిలో ఒక్కటీ చెప్పదు. విషంతో నిండిన నీళ్లకూ అది 300 అని చూపించగలదు. నైట్రేట్ కిట్‌లో రెండో సీసాను బాగా అర నిమిషం ఊపాలి, ట్యూబును ఒక నిమిషం. ఊపకపోతే అడుగున పేరుకున్న పొడి కలవక సున్నా చూపిస్తుంది, ట్యాంకు సైకిల్ కాలేదని (అంటే ఫిల్టర్లో బాక్టీరియా ఇంకా తయారుకాలేదని) జనం పొరబడేది ఎక్కువగా ఇక్కడే.

మొదటి రోజు 22 మిల్లీలు. రెండు రోజులకోసారి కొలవండి. అమ్మోనియా 0.5 కంటే కిందకు దిగినప్పుడే మళ్లీ 22 మిల్లీలు. రెండో వారం ప్రాంతంలో నైట్రైట్ కనిపిస్తుంది, తర్వాత చాలా రోజులు ఊదా రంగులోనే ఉండిపోతుంది. చివరికి, సాయంత్రం 2 పీపీఎం వేస్తే మర్నాడు సాయంత్రానికి అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా కావాలి. వరసగా రెండు రోజులు అలా వస్తేనే ఫిల్టర్ తయారైనట్టు.

ఈ కాలాన్ని సగానికి తగ్గించే దారి ఒక్కటే ఉంది. జబ్బుల్లేని పాత ట్యాంకు ఉన్న స్నేహితుల దగ్గర్నుంచి వాడుతున్న స్పాంజీ ముక్క తెచ్చి మీ ఫిల్టర్లో పెట్టండి. తడిగా తేవాలి, మూత బిగించిన నీళ్ల డబ్బాలో కాదు, గంటలోపు. పాత ట్యాంకు నీళ్లు మోసుకొచ్చి ప్రయోజనం లేదు. బాక్టీరియా ఉండేది గరుకు తలాల మీద, నీళ్లలో ఉండేది బహు తక్కువ. షాపు సీసా కొన్నిసార్లు సాయపడుతుంది, కానీ అది పోసి మర్నాడే చేపలు వదలొచ్చన్న మాట నమ్మొద్దు. సీసా పోసినా పోయకపోయినా పరీక్ష అదే: 2 పీపీఎం, 24 గంటలు.

బోరునీళ్లు:

ఇది 19వ రోజు. నీళ్లు 80 శాతం ఆర్వో, 20 శాతం బోరు కలిపి నింపాను, టీడీఎస్ 220. ఇప్పటికి 5 సార్లు 22 మిల్లీలు వేశాను. నాలుగో డోసు దాకా అమ్మోనియా బాగానే దిగింది. ఐదోది వేసి ఆరు రోజులైంది, 1.5 దగ్గర ఆగిపోయింది. నైట్రైట్ ట్యూబు కిట్‌లోని ఆఖరి రంగు కంటే ముదురుగా ఉంది. మొదట్లో పీహెచ్ 7.4, ఇవాళ 6.2. మళ్లీ మొదటికి రావాలా?

టెస్ట్‌ట్యూబ్:

అక్కర్లేదు, బాక్టీరియా చావలేదు. నీళ్లలో కేహెచ్ అయిపోయి పని ఆపేసింది. కేహెచ్ అంటే ఆమ్లాన్ని పీల్చుకునే బైకార్బొనేట్ నిల్వ. అమ్మోనియా నైట్రేట్‌గా మారేటప్పుడు ఆమ్లం పుడుతుంది. ఒక్కో 2 పీపీఎం డోసుకు దాదాపు 0.7 డిగ్రీల కేహెచ్ ఖర్చవుతుంది. మీ బోరు కేహెచ్ 15 అనుకుంటే, 20 శాతం కలిపిన నీళ్లలో ఉన్నది 3 డిగ్రీలే. నాలుగైదు డోసులకు అది అయిపోవడం లెక్కకు సరిగ్గా సరిపోయింది. పీహెచ్ 6.5 కిందకు వెళ్తే ఈ బాక్టీరియా దాదాపు నిద్రపోతుంది.

వంట సోడా వెయ్యండి. బేకింగ్ పౌడర్ కాదు, అందులో వేరే ఆమ్లం కలిసి ఉంటుంది. 100 లీటర్లకు 3 గ్రాములు వేస్తే కేహెచ్ 1 డిగ్రీ పెరుగుతుంది. మీకు 4 డిగ్రీలు కావాలి, అంటే దాదాపు 13 గ్రాములు, సమంగా గీసిన టీస్పూన్లు మూడుకు కొంచెం తక్కువ. చేపల్లేవు కాబట్టి ఒకేసారి కరిగించి పోయొచ్చు. చేపలున్న ట్యాంకులో ఇలా ఎప్పుడూ చెయ్యకండి. పీహెచ్ ఎగబాకితే నీళ్లలో ఉన్న అమ్మోనియాయే ఇంకా విషమవుతుంది. 28 డిగ్రీల వేడిలో పీహెచ్ 7 దగ్గర మొత్తం అమ్మోనియాలో విషరూపం 0.7 శాతం, 8 దగ్గర 6.6 శాతం.

నైట్రైట్ మాటకొస్తే, ఒక్కో 2 పీపీఎం అమ్మోనియా నుంచి 5 పీపీఎం పైగా నైట్రైట్ వస్తుంది. నాలుగు డోసులకు 20 దాటి ఉంటుంది, కిట్ 5 వరకే చదువుతుంది. సగం నీళ్లు మార్చి (ఈసారి సగం బోరు, సగం ఆర్వో), ఆ తర్వాత సోడా వెయ్యండి. సగం బోరు నీళ్లతోనే కేహెచ్ నాలుగు దాకా వచ్చేస్తుంది కాబట్టి కొలిచి, తక్కువైన మేరకే సోడా. నైట్రైట్ కొలిచేటప్పుడు 1 వంతు ట్యాంకు నీళ్లకు 4 వంతులు ఆర్వో కలిపి, వచ్చిన అంకెను 5తో గుణించండి. నైట్రైట్ దిగడం మొదలయ్యేదాకా డోసు సగం చెయ్యండి, 11 మిల్లీలు చాలు.

చెరువుగట్టు (జవాబు):

భీమవరం వైపు ఆక్వా మందుల షాపుల్లో దొరికేవాటి గురించి ఇక్కడ చాలామంది అడుగుతుంటారండి, అందుకే రాస్తున్నాను. జియోలైట్ మంచినీళ్లలో అమ్మోనియాను లాగేస్తుంది, నిజమే. అయితే సైకిల్ నడిచేటప్పుడు వేస్తే బాక్టీరియా నోటికాడి కూడు లాక్కున్నట్టే. చేపలున్న ట్యాంకులో అమ్మోనియా ఎగిసినప్పుడు అత్యవసరానికి మాత్రం వాడుకోండి. తర్వాత అదే నీళ్లలో ఉప్పు వేశారంటే పట్టుకున్న అమ్మోనియాను తిరిగి వదిలేస్తుంది, జియోలైట్ తీసేశాకే ఉప్పు. చెరువు ప్రోబయోటిక్స్‌లో ఎక్కువ భాగం బాసిల్లస్ జాతివి. అవి అడుగు మడ్డిని తింటాయి గానీ అమ్మోనియాను నైట్రేట్ చెయ్యవు. సంచి మీద నైట్రోసోమోనాస్ అని ఉంటేనే ఈ పనికి పనికొచ్చే అవకాశం ఉంది, అదీ చల్లగా నిలవచేసి, తేదీ దాటకపోతే.

చుక్కల కిట్ కొనలేనివాళ్లు దగ్గర్లో ఆక్వా ల్యాబ్ ఉంటే సీసాలో నీళ్లు పట్టుకెళ్లండి. పీహెచ్, ఆల్కలినిటీ, హార్డ్‌నెస్, అమ్మోనియా, నైట్రైట్ రైతులకు రోజూ చేసే పరీక్షలే. వాళ్లు ఆల్కలినిటీ పీపీఎంలో చెబుతారు, దాన్ని 18తో భాగిస్తే కేహెచ్ డిగ్రీలు వస్తాయి.

గప్పీవాలా (జవాబు):

నీళ్ల విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను: ఆర్వోతో కుస్తీ పట్టకుండా మీ నీళ్లకు తగ్గ చేపలు తెచ్చుకోండి. టీడీఎస్ 900 బోరు నీళ్లలో మాలీలు, గప్పీలు, ప్లాటీలు హాయిగా బతుకుతాయి, మాలీలకైతే గట్టి నీళ్లే ఇష్టం. ఏంజెల్స్ కావాలంటే సగం ఆర్వో కలపండి, టీడీఎస్ 475 దగ్గర, కేహెచ్ 7 - 8 దగ్గర నిలబడుతుంది. టెట్రాలను మాత్రం మర్చిపోండి. అపార్ట్‌మెంట్‌లో ఉప్పు పోసే వాటర్ సాఫ్ట్‌నర్ ఉంటే ఆ నీళ్లు వద్దు. అది కాల్షియం తీసి సోడియం పెడుతుంది, టీడీఎస్ అలాగే ఉంటుంది, మాలీలకు కావాల్సిన ఖనిజాలు పోతాయి. సాఫ్ట్‌నర్‌కు ముందున్న కుళాయి పట్టుకోండి.

సైకిల్ పూర్తయిన రోజు 80 శాతం నీళ్లు మార్చండి, నైట్రేట్ 20 కిందకు రావాలి. చేపలు తెచ్చే ముందు రోజు దాకా అమ్మోనియా వేస్తూనే ఉండాలి. వారం ఆపితే పెరిగింది తగ్గడం మొదలవుతుంది. మొదటి విడత 6 మాలీలు లేదా ప్లాటీలు, ఒకటి మగ అయితే రెండు ఆడ లెక్కన. రెండు వారాలు అమ్మోనియా, నైట్రైట్ సున్నాలో ఉంటే రెండో విడత. మొదటి విడతకు వేరే క్వారంటైన్ అక్కర్లేదు, ఖాళీ ట్యాంకే వాటికి క్వారంటైన్. రెండో విడతకు తప్పనిసరి: 40 లీటర్ల ప్లాస్టిక్ టబ్బు, పెద్ద ట్యాంకులో ముందే వారాల తరబడి ఆడించిన ఒక చిన్న స్పాంజ్ ఫిల్టర్, మూడు నుంచి నాలుగు వారాలు. మన షాపులకు చేపలు ఎక్కువగా చెన్నై కొళత్తూరు నుంచి వస్తాయి. రాత్రంతా కవర్లో ప్రయాణం చేసి దిగిన చేపను అదే రోజు కొనకండి, షాపులో వారం నిలబడ్డదాన్ని తీసుకోండి.

వదిలేటప్పుడు కవర్ 15 - 20 నిమిషాలు నీళ్ల మీద తేలనిచ్చి, చేపను వలతో తీసి వదలండి, కవర్ నీళ్లు ట్యాంకులో పడకూడదు. చాలా గంటలు మూసి ఉన్న కవరైతే తెరిచాక గంటసేపు చుక్క చుక్కగా నీళ్లు కలుపుతూ కూర్చోవద్దు. లోపల కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ తగ్గి అమ్మోనియా అణిగి ఉంటుంది. మూత తెరవగానే పీహెచ్ లేస్తుంది, అమ్మోనియా విషమవుతుంది. ఉష్ణోగ్రత కుదిరాక వెంటనే వదిలెయ్యడమే క్షేమం.

మొదటి నెల నైట్రైట్ కొంచెం కనిపించినా కల్లుప్పు లీటరుకు 1 గ్రాము కరిగించి పోయండి. క్లోరైడ్ ఉంటే నైట్రైట్ మొప్పల్లోంచి రక్తంలోకి వెళ్లలేదు. దాంతో పాటే నీళ్లు మార్చాలి, ఉప్పు ఒక్కటే మందు కాదు. షాపువాళ్లు ఇచ్చే నీలం మందు మాత్రం పెద్ద ట్యాంకులో వద్దు, అది మీరు ఆరు వారాలు పెంచిన బాక్టీరియాను చంపుతుంది, సిలికాన్‌కు రంగు పట్టేస్తుంది.

ఇక నుంచి వారానికి 25 శాతం నీళ్లే మార్చండి, హైపో వేసిన నీళ్లతో. స్పాంజీని నెలకోసారి, ట్యాంకు నుంచి తీసిన బకెట్ నీళ్లలో నాలుగుసార్లు పిండితే చాలు. రెండు ఫిల్టర్లూ ఒకే రోజు ముట్టుకోవద్దు. తెల్లగా రానక్కర్లేదు, ఆ గోధుమరంగు జిగురే మీ ఫిల్టర్.

బోరునీళ్లు:

26వ రోజు: పీహెచ్ 7.6, అమ్మోనియా 24 గంటల్లో సున్నా, నైట్రైట్ 2కి దిగింది. రెండు ప్రశ్నలు మిగిలాయి. కరెంటు పోతే ఎంతసేపు ఆగగలదు? సక్కర్ మళ్లీ తెచ్చుకోవచ్చా, గ్లాసు శుభ్రంగా ఉంచుతుంది కదా?

స్పాంజ్‌ఫిల్టర్:

హ్యాంగ్ ఆన్‌లో నీళ్లు కదలకపోతే కొన్ని గంటల్లో లోపలి బాక్టీరియాకు ఊపిరాడదు. స్పాంజ్ ఫిల్టర్ ట్యాంకు మధ్యలోనే ఉంటుంది కాబట్టి ఎక్కువసేపు తట్టుకుంటుంది. గాలి పంపు 3 - 5 వాట్లే, ఇంటి ఇన్వర్టర్ మీద వేసెయ్యండి. పంపు నీళ్ల మట్టానికి పైన ఉండాలి, లేదా పైపులో నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టాలి, లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్లు పైపు వెంట వెనక్కొచ్చి పంపులోకి, అక్కడ్నుంచి ప్లగ్‌లోకి దిగుతాయి. ఎండాకాలం నీళ్లు 32 దాటితే ఆక్సిజన్ పట్టే శక్తే తగ్గుతుంది, అప్పుడు మూత తీసి నీళ్ల మీదకు ఫ్యాన్ తిప్పండి, రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఆవిరైన మేరకు ఆర్వో నీళ్లు పోయండి, బోరు నీళ్లు పోస్తే ఉప్పులు పేరుకుంటాయి.

సక్కర్ వద్దు. అది అడుగు దాటి పెరుగుతుంది, నాచు తినేదాని కంటే వేసే మలమే ఎక్కువ, 110 లీటర్లు దానికి చాలవు. పెద్దదైందని చెరువులో వదిలినవాళ్ల వల్లే ఇవాళ మన చెరువుల్లో, కాలువల్లో అది నిండిపోయి వలలు చింపుతోంది, గట్లు తొలుస్తోంది. గట్టి నీళ్లకు నెరైట్ నత్తలు నాలుగు వేసుకోండి, గ్లాసు మీద నాచు అవి చూసుకుంటాయి, మంచినీళ్లలో పిల్లలు కూడా పెట్టవు. నైట్రైట్ సున్నా అయ్యేదాకా వాటినీ తేవద్దు.